పేగులు - సూక్ష్మజీవులు - సమాజం

మనం రాసే కథల్లోనూ కవితల్లోనూ సూక్ష్మజీవి ఎప్పుడూ శత్రువే. సమాజాన్ని పీడించేవాణ్ణి ‘క్రిమి’ అంటాం, దోపిడీని ‘వ్యాధి’ అంటాం. శరీరాన్ని ఒక కోటగా, రోగనిరోధక శక్తిని ఆ కోటను కాపాడే సైన్యంగా వర్ణించడం వైద్యులకూ అలవాటే, పత్రికలకూ అలవాటే. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఈ యుద్ధభాష ఇంటింటికీ చేరింది. దానితోబాటే ‘ఇమ్యూనిటీ’ అన్న మాట కషాయం సీసాల మీదికీ బిస్కట్ పొట్లాల మీదికీ ఎక్కింది. ఈ ఉపమానంలో నిజం లేకపోలేదు. కలరా, క్షయ, టైఫాయిడ్ తెచ్చే సూక్ష్మజీవులు మనకు శత్రువులు కావని ఎవరూ అనరు. కాని గత పాతికేళ్ళుగా జరుగుతున్న పరిశోధనలను గమనిస్తే ఈ ఉపమానం సగం నిజమేననీ, మిగతా సగాన్ని అది మన కంటికి కనబడకుండా చేస్తున్నదనీ నాకు తోస్తున్నది. ఆ మిగతా సగం గురించే ఈ వ్యాసం.

ముందు లెక్కలు చూద్దాం. మన శరీరంలో మన కణాలకన్న బాక్టీరియా పదిరెట్లు ఎక్కువ ఉంటాయని చాలాకాలం పుస్తకాల్లో రాస్తూ వచ్చారు. ఒకరు రాసినదాన్ని మరొకరు ఎత్తిరాయడంవల్ల స్థిరపడిపోయిన అంకె అది. 2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన రాన్ మిలో బృందం ఈ లెక్కను తిరిగి కట్టింది. ఒక సగటు మనిషిలో మానవకణాలు సుమారు 30 లక్షల కోట్లు, బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు అని తేలింది. అంటే దాదాపు సరిసమానం. బాక్టీరియా మన కణాలకన్న చాలా చిన్నవి గనక వాటన్నిటి బరువూ కలిపితే 200 గ్రాములకు మించదు. వాటిలో అత్యధిక భాగం పెద్దపేగులో ఉంటుంది. మనం తిన్నదానిలో మన జీర్ణరసాలకు లొంగని పీచును అవి తిని బతుకుతాయి. బదులుగా మనకు కొన్ని విటమిన్లూ, కొన్ని ఆమ్లాలూ తయారుచేసి పెడతాయి. అంతే అయితే ఇది కేవలం జీర్ణక్రియకు సంబంధించిన విషయం. కాని అంతటితో ఆగలేదు.

తల్లి కడుపులోనుంచి బయటపడే క్షణంలోనే శిశువుకు సూక్ష్మజీవులతో సహవాసం మొదలవుతుంది. తల్లినుంచి కొన్ని వస్తాయి, ఎత్తుకున్న చేతులనుంచి కొన్ని, ఇంటినుంచి, నీటినుంచి కొన్ని. ఇక్కడ తల్లిపాల పాత్ర ఆశ్చర్యం కలిగిస్తుంది. తల్లిపాలలో లాక్టోజు, కొవ్వు తరవాత ఎక్కువగా ఉండే ఘనపదార్థం ఒక రకం సంక్లిష్టమైన చక్కెరలు. వీటిని శిశువు జీర్ణించుకోలేదు. బిడ్డకు అరగని పదార్థాన్ని తల్లి శరీరం అంత శ్రమపడి ఎందుకు తయారుచేస్తున్నది? ఆ చక్కెరలు ప్రధానంగా బిడ్డ పేగులో పెరిగే బైఫిడో బాక్టీరియాకు ఆహారం. అవి వాటిని తిని ఆమ్లాలను విడుదలచేస్తాయి, హానికరమైన అనేక ఇతర జాతులను పెరగనివ్వవు. అంటే తల్లి ఒక్క బిడ్డకే పాలివ్వడంలేదు, బిడ్డ పేగులోని జీవులకు కూడా ఇస్తున్నది. రెండు మూడేళ్ళు వచ్చేసరికి ఈ సముదాయం పెద్దవాళ్ళలో ఉండే రూపానికి దగ్గరపడుతుంది. అందుకే ఆ మొదటి రెండు మూడేళ్ళూ ముఖ్యం.

ఇప్పుడు రోగనిరోధక శక్తి సంగతి. పేగు లోపలి గోడ ఒకే ఒక కణం మందం ఉంటుంది. దానిమీద జిగురుపొర ఒకటి పరుచుకుని ఉంటుంది. ఆ గోడకు ఒక పక్క ఆహారమూ, కోటానుకోట్ల బాక్టీరియా. రెండో పక్క మన రక్షణ కణాలు. ఈ గోడ వెనక రక్షణ కణాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వాటికి వచ్చిన చిక్కు మామూలుది కాదు. ఎదురుగా ఉన్న ప్రతి పరాయి జీవితోనూ పోరాడితే పేగు పుండైపోతుంది. దేనితోనూ పోరాడకపోతే టైఫాయిడ్ క్రిమి లోపలికి వస్తుంది. ఎవరితో పోరాడాలి, ఎవరితో సర్దుకోవాలి అనే విచక్షణ వాటికి ఉండాలి. ఈ విచక్షణ పుట్టుకతో పూర్తిగా రాదు. అలవడుతుంది. అలవరచేవాటిలో పేగులోని బాక్టీరియా ముఖ్యమైనవి.

ఇది ఎలా తెలిసింది? ప్రయోగశాలల్లో చుంచెలుకలను పుట్టినప్పటినుంచీ ఒక్క సూక్ష్మజీవి కూడా సోకకుండా పెంచుతారు. యుద్ధ ఉపమానమే నిజమైతే శత్రువు లేని ఈ చుంచెలుకలు అందరికన్న ఆరోగ్యంగా ఉండాలి. కాని వాటి పేగుల్లోని రక్షణ గ్రంథులు సరిగా ఎదగవు. పేగు గోడను కాపాడే ప్రతిరక్షకాలు చాలా తక్కువగా తయారవుతాయి. అలాంటి చుంచెలుకలకు మామూలు చుంచెలుకల పేగులోని బాక్టీరియాను ఇస్తే ఈ లోపాలు చాలావరకు సర్దుకుంటాయి. 2009లో న్యూయార్క్‌లో డాన్ లిట్‌మన్ బృందం మరో మెట్టు పైకి వెళ్ళింది. దారప్పోగులాంటి ఒకే ఒక జాతి బాక్టీరియా చుంచెలుకల్లో ఒక ప్రత్యేక తరగతి పోరాట కణాలను తయారుచేయిస్తుందని చూపింది. 2011లో జపాన్ శాస్త్రజ్ఞుడు కెన్యా హోండా బృందం దీనికి రెండో ముఖం చూపింది. క్లాస్ట్రిడియా వర్గానికి చెందిన కొన్ని బాక్టీరియా, పోరాటం శ్రుతిమించకుండా ఆపే ‘అదుపు కణాలను’ పెంచుతాయి. 2013లో ఈ పని జరిగే మార్గాల్లో ఒకటి కూడా బయటపడింది. పీచును పులియబెట్టినప్పుడు బాక్టీరియా విడుదల చేసే బ్యూటిరేట్ అనే ఆమ్లం ఈ అదుపు కణాలు ఏర్పడడానికి తోడ్పడుతుంది. పెద్దపేగు గోడలోని కణాలకు ప్రధానమైన ఇంధనం కూడా అదే.

అంటే మనం తినే కూర కాడలకూ, పప్పు పొట్టుకూ, మన రక్షణ కణాల ప్రవర్తనకూ మధ్య ఒక లంకె ఉన్నదన్నమాట. ఆ లంకెలో మధ్య కణిక సూక్ష్మజీవి. అయితే చుంచెలుక మనిషి కాదు. చుంచెలుకలో కనబడినదంతా మనిషికి వర్తిస్తుందని చెప్పేవాళ్ళను నమ్మకూడదు. మనుషుల్లో ఏం జరుగుతున్నదో చూడాలంటే ప్రయోగశాలనుంచి బయటికి రావాలి. వచ్చినప్పుడు ముందుగా ఎదురయ్యేది ఆకలి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో 1960లలో సి. గోపాలన్ ఒక చిక్కుప్రశ్న ముందుకు తెచ్చారు. ఆహారలోపంవల్ల కొందరు పిల్లలు ఎముకల గూడులా చిక్కిపోతారు. కొందరికి ఒళ్ళు నీరు పట్టి ఉబ్బుతుంది. ఈ రెండోదాన్ని క్వాషియార్కర్ అంటారు. మొదటిదానికి కాలరీల లోపమూ, రెండోదానికి మాంసకృత్తుల లోపమూ కారణమని అప్పటి పాఠ్యపుస్తకాలు చెప్పేవి. కాని గోపాలన్ పరిశీలించిన పిల్లల్లో ఈ రెండు రకాలవాళ్ళూ తింటున్న తిండిలో అలాంటి తేడా కనబడలేదు. ఒకే పేదరికంలో, ఒకే రకం తిండిమీద, ఒకరు ఒక విధంగా, మరొకరు మరో విధంగా ఎందుకు జబ్బుపడుతున్నారు?

ఈ ప్రశ్నకు పూర్తి సమాధానం ఇప్పటికీ రాలేదుగాని, ఒక పాయ 2013లో ఆఫ్రికాలోని మలావినుంచి దొరికింది. అక్కడ 317 కవలల జంటలను మొదటి మూడేళ్ళూ గమనిస్తూ వచ్చారు. ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే తిండి. అయినా కొన్ని జంటల్లో ఒక బిడ్డకు క్వాషియార్కర్ వచ్చింది, రెండో బిడ్డ బాగానే ఉంది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ గార్డన్ బృందం ఈ పిల్లల పేగు బాక్టీరియాను క్రిమిరహితమైన చుంచెలుకలకు ఎక్కించి, మలావి పేదలు తినే తిండినే వాటికి పెట్టింది. జబ్బుపడిన బిడ్డ బాక్టీరియా పొందిన చుంచెలుకలు విపరీతంగా బరువు తగ్గిపోయాయి. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. బాక్టీరియా ఒక్కటే ఆ పని చెయ్యలేదు, తిండి ఒక్కటే చెయ్యలేదు. ఆ బాక్టీరియాకు ఆ తిండి తోడైనప్పుడే చుంచెలుక అంతగా క్షీణించింది.

ఇదే బృందం ఢాకాలోని అంతర్జాతీయ అతిసార వ్యాధుల పరిశోధనా కేంద్రంలోని తాహ్మీద్ అహ్మద్ బృందంతో కలిసి మరింత ముఖ్యమైన పని చేసింది. ఆ కేంద్రం చరిత్ర మనం తెలుసుకోదగ్గది. నీళ్ళలో ఉప్పూ చక్కెరా కలిపి తాగించి కలరా రోగులను బతికించవచ్చునని 1968లో నిరూపించిన చోటు అదే. మన ఊళ్ళలో ఆశా కార్యకర్త ఇచ్చే ఓఆర్ఎస్ పొట్లానికి మూలం అక్కడుంది. ఢాకా నగరంలో మీర్పూర్ అనే మురికివాడ ఉంది. అక్కడ ఆరోగ్యంగా ఎదుగుతున్న పిల్లల మలాన్ని పుట్టినప్పటినుంచి రెండేళ్ళదాకా నెలనెలా పరీక్షించారు. ఏ నెలలో ఏయే బాక్టీరియా రావాలో చెప్పే 24 రకాలను గుర్తించారు. పిల్లవాడి పళ్ళను చూసి వయసు చెప్పినట్టు, పేగులోని బాక్టీరియాను చూసి అవి ఎంత వయసుకు తగినట్టున్నాయో చెప్పవచ్చు. తరవాత తీవ్రంగా చిక్కిపోయి ఆస్పత్రిలో చేరిన 64 మంది పిల్లలను పరీక్షించారు. వాళ్ళ పేగుల్లోని సముదాయం వాళ్ళ వయసుకన్న బాగా చిన్నదిగా తేలింది. బలమైన తిండి పెట్టి బతికించినప్పుడు ఆ సముదాయం కొంత ఎదిగింది, తిండి ఆపగానే మళ్ళీ వెనక్కి జారింది. ఈ సంగతి 2014లో ప్రకటించారు.

దీని అర్థం ఏమిటి? బిడ్డతోబాటు బిడ్డలోపలి బాక్టీరియా కూడా ఎదగాలి. అది ఎదగకపోతే తరవాత పెట్టిన తిండి పూర్తిగా ఒంటబట్టదు. ఆకలి కడుపులో ఖాళీని మాత్రమే మిగల్చదు, తిండిని వినియోగించుకునే యంత్రాంగాన్నే కుంటుపరుస్తుంది. ఆస్పత్రిలో బరువు పెరిగి ఇంటికి వెళ్ళిన బిడ్డ కొన్నాళ్ళకే మళ్ళీ చిక్కిపోతే ‘తల్లి సరిగా చూసుకోలేదు’ అనడం మనకు అలవాటు. ఆ మాట అనేముందు ఈ ప్రయోగాన్ని గుర్తుచేసుకోవాలని నేను కోరుతున్నాను.

ఢాకా బృందం అక్కడితో ఆగక, ఎదగని బాక్టీరియాను ఎదిగించే తిండి ఏదని వెతికింది. చివరికి తేలిన మిశ్రమంలో ప్రధానమైనవి శనగపిండి, సోయాపిండి, వేరుశనగ ముద్ద, పచ్చి అరటికాయ. సోయా సంగతి ఎలా ఉన్నా, తక్కినవి మన వంటింటి సరుకులే. మీర్పూర్‌లో ఒక మోస్తరుగా చిక్కిపోయిన 118 మంది పిల్లల్లో కొందరికి ఈ మిశ్రమాన్నీ, మిగతావాళ్ళకు అప్పటికే వాడుకలో ఉన్న బలవర్ధక ఆహారాన్నీ మూడు నెలలు పెట్టారు. 2021లో ఫలితాలు వచ్చాయి. కొత్త మిశ్రమంలో కాలరీలు తక్కువ. అయినా దాన్ని తిన్న పిల్లలే మెరుగ్గా బరువు పెరిగారు. తేడా బ్రహ్మాండమైనదేమీ కాదు, కాని స్పష్టంగా ఉంది. ఎముకల, మెదడు ఎదుగుదలకు సంబంధించిన ప్రోటీన్లు వాళ్ళ రక్తంలో పెరిగాయి. తిండి విలువను కాలరీల్లో మాత్రమే కొలిచే పద్ధతి చాలదని దీనివల్ల రుజువైంది.

ఈ విషయం మనకు దూరపుది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు ఎదగనివారు దేశంలో 35.5 శాతం, తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. ముగ్గురిలో ఒకరన్నమాట. అంగన్‌వాడీలో గుడ్డు పెట్టాలా వద్దా, పప్పు ఎంత పెట్టాలి, పిండిలో ఏం కలపాలి అన్నవి ఖర్చుకు సంబంధించిన లెక్కలుగానే మన ప్రభుత్వాలు చూస్తున్నాయి. అవి ఆ పిల్లల రోగనిరోధక శక్తికి సంబంధించిన నిర్ణయాలు కూడా.

తిండి ఒక్కటే కాదు, నీరూ నేలా కూడా ఇందులో ఉన్నాయి. మలం కలిసిన నీరు తాగుతూ, మలం కలిసిన మట్టిలో పాకే బిడ్డ పేగు విరేచనాలు లేకపోయినా నిత్యం వాచి ఉంటుంది. లోపలి గోడమీది నూగులాంటి చూషకాలు అరిగి పొట్టివవుతాయి. రక్షణ కణాలు రేయింబవళ్ళు పోరాడుతూనే ఉంటాయి. ఎదుగుదలకు పోవలసిన శక్తి ఆ పోరాటానికి ఖర్చయిపోతుంది. నోటిద్వారా ఇచ్చే టీకాలు పేదదేశాల్లో తక్కువగా పనిచెయ్యడానికి చెప్పే కారణాల్లో ఇది ఒకటి. హైదరాబాద్‌లో తయారైన రోటావైరస్ టీకా మన దేశంలో జరిపిన పరీక్షల్లో తీవ్రమైన విరేచనాలనుంచి సుమారు 55 శాతం రక్షణ ఇచ్చింది. ఈ జబ్బుకే వేరే కంపెనీలు తయారుచేసిన టీకాలు ధనికదేశాల్లో 85 శాతం పైనే రక్షణ ఇస్తాయి, కాని ఆ టీకాల్లోనే ఒకటి మలావిలో 50 శాతం దగ్గర ఆగిపోయింది. కనక లోపం టీకాలో లేదు. పోలియో చుక్కల విషయంలోనూ అంతే. ఉత్తరప్రదేశ్‌లో ఒక్కో మోతాదు ఇచ్చే రక్షణ 9 శాతం కాగా, దేశంలోని ఇతర ప్రాంతాల్లో 21 శాతం అని 2006లో ఒక అధ్యయనం లెక్కకట్టింది. టీకాలు వద్దని దీనికి అర్థం కాదు. 55 శాతం రక్షణతో కూడా వేలమంది పిల్లలు బతుకుతారు. చుక్కలు మళ్ళీ మళ్ళీ వేసి, టీకాను మెరుగుపరిచి మనం పోలియోను తరిమివేశాం. 2011 జనవరి తరవాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు ఒక్కటీ లేదు. నేననేది ఇంతే: ఒకే టీకా బీదవాడి బిడ్డలో సగం పనే చేస్తున్నదంటే, మిగతా సగం పని మురుగుకాలువ దగ్గరా మంచినీటి గొట్టం దగ్గరా మిగిలిపోయి ఉంది.

మరి ఇంటికో మరుగుదొడ్డీ, ఒక సబ్బుబిళ్ళా ఇస్తే సరిపోతుందా? 2018, 2019 సంవత్సరాల్లో ఫలితాలు వెలువడిన మూడు పెద్ద ప్రయోగాలు ఈ ప్రశ్నకు జవాబిచ్చాయి. అవి బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేల్లో జరిగాయి. మరుగుదొడ్డి, చేతుల శుభ్రత, నీటిలో క్లోరిన్ వంటి ఏర్పాట్లు చేసిన ఇళ్ళలో పిల్లల ఎత్తు పెరగలేదు. పోషకాహారం ఇచ్చినచోట కొద్దిగా పెరిగింది. దీన్నిబట్టి శుభ్రత అనవసరం అని కొందరు వాదించబోయారు. నా దృష్టిలో దీని సారాంశం వేరు. ఊరంతా మురికిగా ఉండగా ఒక్క ఇంటిని శుభ్రం చేస్తే చాలదు. గొట్టాల్లో మంచినీరు, మూసిన మురుగుకాలువలు, గట్టి నేల ఉన్న ఇళ్ళు, ఇవి ఇంటింటి అలవాట్లతో వచ్చేవి కావు. ఊరుమ్మడిగా, ప్రభుత్వ ఖర్చుతో రావలసినవి.

దీనికి ఎదురుగా ఉన్న మరో కొస కూడా చూడాలి. ఫిన్లండ్‌కూ, సరిహద్దు అవతల ఉన్న రష్యా కరేలియాకూ మధ్య వాతావరణంలో పెద్ద తేడా లేదు. అయినా పిల్లలకు వచ్చే మొదటి రకం మధుమేహం ఫిన్లండ్‌లో ఆరురెట్లు ఎక్కువని 2005లో తేలింది. ఇది రక్షణ కణాలే శరీరం మీద తిరగబడే జబ్బు. 2016లో రెండు వైపుల పిల్లల పేగులనూ పోల్చి చూశారు. ఫిన్లండ్ పిల్లల్లో ఎక్కువగా ఉన్న బాక్టీరియా జాతులు రక్షణ కణాలకు ఇచ్చే ప్రేరణ రష్యా పిల్లల్లోని జాతులు ఇచ్చే ప్రేరణకన్న బలహీనమని కనుగొన్నారు. జబ్బుకు ఇదొక్కటే కారణమని అనలేంగాని, సంబంధం మాత్రం గట్టిగా కనబడుతున్నది. దీన్ని పట్టుకుని ‘మురికి మంచిదే’ అనేవాళ్ళున్నారు. మీర్పూర్ పిల్లవాడి పేగు చూసినవాళ్ళు ఆ మాట అనలేరు. ఆవుల కొట్టంలోని సూక్ష్మజీవి వేరు, మురుగునీటిలోని కలరా క్రిమి వేరు. పిల్లలకు కావలసింది నానారకాల హాని చెయ్యని జీవులతో సహవాసం, రోగకారకాలనుంచి రక్షణ.

ఇంత జ్ఞానం పోగుపడ్డాక వ్యాపారం ఊరుకుంటుందా? ‘మంచి బాక్టీరియా’ గొట్టాల్లోనూ పొట్లాల్లోనూ మందులషాపుల్లో అమ్ముడవుతున్నది. ఈ ఉత్సాహం కొత్తది కాదు. రక్తంలోని భక్షక కణాలను కనిపెట్టినందుకు 1908లో నోబెల్ బహుమతి పంచుకున్న మెచ్నికోవ్ మహాశయుడే, ముసలితనానికి కారణం పెద్దపేగులోని విషాలనీ, పుల్లటి పెరుగు తింటే ఆయుర్దాయం పెరుగుతుందనీ ప్రచారం చేశాడు. ఆ వాదం ఊపులో లండన్‌లో ఒక ప్రముఖ శస్త్రవైద్యుడు రోగుల పెద్దపేగులనే కోసి తీసేశాడు. ఒక నిజాన్ని సాక్ష్యం కన్న ముందుకు లాగితే ఏం జరుగుతుందో దానినుంచి నేర్చుకోవాలి. 2018లో వైజ్‌మన్ సంస్థ జరిపిన ఒక చిన్న ప్రయోగంలో, యాంటీబయాటిక్ తరవాత ఈ గొట్టాలు మింగినవాళ్ళలో వాళ్ళ సొంత బాక్టీరియా తిరిగి రావడం, ఏమీ మింగనివాళ్ళకన్న ఆలస్యమైంది. మా వైపు పల్లెల్లో పిల్లవాడికి నాలుగు విరేచనాలైతే చాలు, వైద్యం చదవని వైద్యుడు యాంటీబయాటిక్ సీసా ఒకటీ, ‘మంచి బాక్టీరియా’ పొట్లం ఒకటీ చేతిలో పెట్టడం నేను చాలాసార్లు చూశాను. మామూలు నీళ్ళ విరేచనాలకు ఆ పిల్లవాడికి కావలసింది ఓఆర్ఎస్, జింకు. కూలి డబ్బులు మాత్రం ఆ రెండింటికీ పోతాయి.

మరోవైపు ‘చద్దన్నంలో అన్నీ ఉన్నాయి, మన పూర్వులకు ఇదంతా తెలుసు’ అనేవాళ్ళు బయలుదేరారు. చద్దన్నం, మజ్జిగ మంచివే. 36 మందిమీద పదివారాలు జరిపిన ఒక అమెరికన్ ప్రయోగంలో పులిసిన పదార్థాలు ఎక్కువగా తిన్నవాళ్ళలో బాక్టీరియా వైవిధ్యం పెరిగి, వాపు సూచికలు తగ్గాయని 2021లో తేలింది. కాని చద్దన్నం తిని పొలానికి పోయిన కూలీకి అది ఆరోగ్యసూత్రం కాదు, రాత్రి మిగిలిన మెతుకులు. ఆ మెతుకులతోబాటు పప్పూ, కూరా, గుడ్డూ ఎందుకు లేవని అడగకుండా మెతుకుల మహిమను పొగడడం శాస్త్రం కాదు.

సూక్ష్మజీవులతో చికిత్స అంతా వ్యర్థమని నేను అనడంలేదు. ఒరిస్సా పల్లెల్లో పినాకి పాణిగ్రాహి బృందం 4,556 మంది నవజాత శిశువులమీద జరిపిన ప్రయోగం 2017లో వెలువడింది. ఎంపికచేసిన ఒక లాక్టోబాసిలస్ రకాన్నీ, దానికి ఆహారమైన చక్కెరనూ ఏడురోజులు ఇచ్చినందువల్ల రెండు నెలల్లో రక్తం విషమించడం, మరణం, రెండూ కలిపి 9 శాతంనుంచి 5.4 శాతానికి తగ్గాయి. చాలా చవకైన మందు. వాళ్ళు ఏ బాక్టీరియా, ఎవరికి, ఎన్నాళ్ళు అని తేల్చుకుని, వేలమందిలో సరిపోల్చి చూశారు. షాపులో దొరికే పొట్లానికి ఈ పరీక్ష జరగలేదు. ఒరిస్సాలో పనిచేసిన రకం కూడా ఇతర ప్రాంతాల్లో ఇదేవిధంగా పరీక్షకు నిలవాలి.

ఇంతవరకూ చెప్పినదాన్నిబట్టి రోగనిరోధక శక్తి ఒక మనిషి సొంత ఆస్తి కాదని తేలుతున్నది. తల్లి పాలు, తిన్న పప్పు, తాగిన నీరు, పాకిన నేల, మింగిన మందు, వీటన్నిటి ముద్రా పేగులోని జీవుల మీద పడుతుంది, ఆ జీవులద్వారా రక్షణ కణాలమీద పడుతుంది. పేదవాడి ఒంట్లో శక్తి లేదని అనడం సులభం. ఆ శక్తి తయారుకావడానికి కావలసిన సరంజామా అతనికి ఎవరు అందనివ్వలేదన్నది అసలు ప్రశ్న. రచయితలం గనక మనం ఉపమానాలు లేకుండా రాయలేం. క్రిమినీ కోటనూ పూర్తిగా వదులుకోనక్కరలేదు కూడా. కాని శరీరం గురించి రాసేటప్పుడు, బిడ్డ జబ్బు గురించి రాసేటప్పుడు, శత్రువు ఎప్పుడూ కంటికి కనబడనంత చిన్నదిగానే ఉంటుందని అనుకోనక్కరలేదు. మూతలేని మురుగుకాలువ అందరి కంటికీ కనబడుతూనే ఉంది.